తెర చాటు కాపలా

కొట్టు వెనక గదికి బావగారు వేసిన తాళం తెల్లారినా తీయలేదు.

కళ్లజోళ్ల కోసం వచ్చినవాళ్లు ముందు గదిలో బల్ల నిండా కూర్చుని ఉన్నారు. అద్దాలు కోసే మిషనూ, దానికి కొలతలు అందించే కంప్యూటరూ రెండూ తాళం అవతలే ఉన్నాయి. తాళంచెవి బావగారి చొక్కా జేబులో ఉంది. ఆయన ఆ జేబు మీద ఒక చెయ్యి వేసుకుని, అడిగినవాళ్లందరికీ మిషన్ మరమ్మతులో ఉందని, రేపు రమ్మని చెబుతున్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన గొంతుకి ఎక్కడలేని పెద్దరికం వస్తుంది.

చిన్నకోడలు కౌంటర్ చివర నిలబడి, ఫ్రేములు తుడుస్తూ ఆ పెద్దరికాన్ని చూస్తోంది. సగం ఊరికి చూపు సరిచేసే కొట్టు ఇది. నడిపే మహానుభావుడికి మాత్రం తన ముక్కు కొస దాటి ఏదీ ఆనదు. ఆమె మనసులో ఆయనకి పెట్టుకున్న పేరు సర్వజ్ఞుడు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలోనే పెట్టింది. మార్చాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

నిన్నటి గొడవ ఆమె చెవుల్లో ఇంకా గింగురుమంటూనే ఉంది. మధ్యాహ్నం ఒక బస్సు డ్రైవర్ అద్దం సగం కోస్తుండగా కంప్యూటర్ బిగుసుకుపోయింది. మిషన్ ఆగింది, అద్దం అంచు పెచ్చు లేచింది, మూసిన కొట్టు గుమ్మంలో కాచుకున్న డ్రైవర్ అనాల్సిన నాలుగు మాటలూ అని వెళ్లిపోయాడు. సర్వజ్ఞుడు పరుగున వచ్చి, పక్క కొట్టు ఫొటోగ్రాఫర్ ఎప్పుడో నేర్పిన కిటుకుతో, కంప్యూటర్లో ఏమేం నడుస్తున్నాయో చూపించే పేజీ తెరిచాడు. తెర నిండా పేర్లే. ఎవరూ తెరవనివి, ఎవరూ విననివి. సగానికి సగం యాంటీవైరస్ కంపెనీవి. ఆ యాంటీవైరస్‌ని తెచ్చి పెట్టింది చిన్నకోడలు.

ఆయన ఒకదాన్ని నొక్కి ఆపాడు. అది మళ్లీ లేచింది. ఇంకోసారి ఆపాడు. ఇంకోసారి లేచింది. ఇక ఆయనకి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. గోడలోంచి ప్లగ్గు ఊడపీకి, అందర్నీ బయటికి తోలి, తాళం వేశాడు.

కంప్యూటర్లో తను రాసే ఉత్తరాలు ఎవరో చదువుతున్నారని ఆయనకి కొన్నాళ్లుగా అనుమానమట. తను ఇంట్లో చెప్పని సంగతి మొన్న భోజనాల దగ్గర తల్లి నోట విన్నాడట. తల్లికి కంప్యూటర్ ముందువైపు ఏదో వెనకవైపు ఏదో తెలియదు కనక, ఆ మాట ఆవిడకి మోసినవాళ్లు వేరే ఉన్నారట. చిన్నకోడలు నిఘా పెట్టి, ఇక్కడి ఖాతాదారుల చిరునామాలన్నీ లాగేసి, మొగుణ్ణి వెంటబెట్టుకుని వేరే కొట్టు తెరవబోతోందట. ఇందులో ఒక్క ముక్కా ఆమెతో అనలేదు. తమ్ముడి భార్యతో ఆయన నేరుగా మాట్లాడడు. తమ్ముడితో అంటాడు, ఆమె వినేట్టు.

"మీ ఆవిణ్ణి అడగరా, ఇన్ని దయ్యాల్ని ఎందుకు పెంచుతోందో."

తమ్ముడు అడగలేదు. అలా అనొద్దని అన్నకి చెప్పనూ లేదు. అద్దం కోయడంలో ఈ చుట్టుపక్కల అతని అంతటివాడు లేడు. మాట దగ్గరికొచ్చేసరికి గోడకి కొట్టిన మేకు. భార్యని దొంగ అంటుంటే అతను పెచ్చు లేచిన అద్దాన్ని వెలుతురుకి పెట్టి పరీక్షగా చూశాడు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి బావగారి మీద కోపం కాస్త తగ్గి, మొగుడి మీద ఏవగింపు పెరుగుతోంది. అరిచేవాడి మీద కనీసం తిరిగి అరవొచ్చు.

వచ్చినవాళ్లు విసుక్కుంటూ లేచిపోయాక అత్తగారు మేడ దిగి వచ్చింది. భారీ మనిషి, ఒక్కో మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకుంటుంది. చేతిలో ఎప్పటిలాగే ఫోను. భోజనం చేసింది మొదలు సాయంత్రం దాకా అందులో పేకాడుకుంటుందని ఇంట్లో అందరికీ తెలుసు.

ముందు తలుపు సగం మూసింది. పెద్దకొడుకు వైపు అరచెయ్యి చాపింది.

"తాళంచెవి."

కొట్టు ఆవిడ పేరు మీద ఉంది. పెద్దకొడుక్కి పెద్దరికం ఎంత ఉన్నా ఈ సంగతి మరిచిపోయేంత లేదు. అయినా ఊరికే ఇవ్వలేదు. ఆ యాంటీవైరస్‌ని తీసిపారేస్తేనే లోపలికి రానిస్తానన్నాడు. అత్తగారు చెయ్యి వెనక్కి తీయలేదు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంటే ఆయనే చూడలేక, తాళంచెవి అందులో పెట్టాడు.

"అమ్మాయ్, నువ్వే తెచ్చావు కదా దాన్ని. అందులో ఏది ఎందుకు నడుస్తోందో వీడికి చెప్పు. చెప్పలేకపోతే తీసెయ్," అంది అత్తగారు.

చిన్నకోడలికి అదే కావాలి. నిన్న సాయంత్రం అంతా ఆమె ఫోనులో ఆ కంపెనీ వాళ్ల వివరాలు చదువుతూనే కూర్చుంది. నిజం చెప్పాలంటే నిన్నటిదాకా ఆమెకీ తెలియదు. కొన్నది, పెట్టింది, మరిచిపోయింది. సర్వజ్ఞుడి నోరు మూయించాలనే కసి లేకపోతే ఈ జన్మకి చదివేది కాదు.

ప్లగ్గు పెట్టి, కంప్యూటర్ వెలిగించి, నిన్నటి పేజీనే మళ్లీ తెరిచింది. అత్తగారు స్టూలు మీద కూర్చుంది. బావగారు తలుపు దగ్గరే నిలబడ్డాడు, గదిలోకి వస్తే ఏదో అంటుకుంటుందన్నట్టు. మొగుడు మిషన్ పక్కన, చేతిలో తుడుపు గుడ్డతో.

మొదటి పేరు మీద వేలు పెట్టింది. మనం ఏ ఫైలు తెరిచినా, అది తెరుచుకునేలోపు ఇది లోపలికి తొంగి చూస్తుంది, చెడ్డదైతే అక్కడే పట్టుకుంటుంది, అందుకే పొద్దస్తమానం నడుస్తూ ఉంటుంది అని చెప్పింది. రెండోదాన్ని చూపించింది. వైరస్‌లు రోజుకో కొత్త వేషం వేస్తాయి, ఆ వేషాల ఆనవాళ్లని ఇది కంపెనీ నుంచి తెచ్చి పెడుతుంది. దాని కిందది ఇంటర్నెట్లోంచి వచ్చేవాటినీ మెయిళ్లనీ గుమ్మంలోనే జల్లెడ పడుతుంది.

"చంపితే లేచిందే, దాని సంగతేమిటో అడగరా," అన్నాడు బావగారు తమ్ముడితో.

తమ్ముడు అడక్కుండానే ఆమె చెప్పింది. వైరస్ లోపలికి రాగానే చేసే మొదటి పని యాంటీవైరస్‌ని ఆపడం. ఒక్క నొక్కుకి ఆగిపోయేదైతే కాపలా ఎందుకు? అందుకని ఎవరు ఆపినా మళ్లీ లేచేలా చేసిపెట్టారు. వైరస్ ఆపినా అంతే, మూర్ఖులు ఆపినా అంతే. చివరి ముక్క అనాలని అనుకోలేదు, నోరు జారింది. జారినందుకు చింతించనూ లేదు.

బావగారి చెవులు ఎర్రబడ్డాయి. కానీ వదల్లేదు. ఇన్ని మంచి పనులు చేసేది నిన్న డ్రైవర్ అద్దాన్ని ఎందుకు తినేసిందో చెప్పమను, అన్నాడు.

ఆమె ఆ ప్రశ్నకి కూడా సిద్ధపడే వచ్చింది. కంప్యూటర్ మొత్తాన్ని మూలమూలలా వెతికే పని ఒకటి ఉంటుంది, దానికి రోజూ ఒక వేళ పెట్టుకోవాలి. అది నడిచేటప్పుడు మిగతా పనులు మందగిస్తాయి. తను మధ్యాహ్నం పెట్టింది. భోజనాల వేళ, కొట్టు మూసి ఉంటుంది, ఎవరికీ అడ్డం రాదు.

చెబుతూ చెబుతూ ఆగింది.

కొట్టు మూసి ఉండే ఆ వేళలోనే మొగుడు అద్దాలు కోస్తాడు. ముందు గదిలో మనుషుల గోల లేనప్పుడైతేనే చెయ్యి కుదురుగా ఉంటుందని. అతను ఎప్పుడు కోస్తాడో ఆమె ఏనాడూ అడగలేదు. ఆ వేళకి కంప్యూటర్ రోజూ ఈసురోమంటోందని అతనూ ఏనాడూ చెప్పలేదు. ఒకే కప్పు కింద ఉండే ఇద్దరు, ఒక మాట అనుకుని ఉంటే డ్రైవర్ అద్దం బతికేది.

"వేళ తప్పుగా పెట్టింది నేనే," అంది.

బావగారు నవ్వాడు. ఆ నవ్వు కోసం ఆయన నిన్నట్నుంచీ కాచుకుని ఉన్నట్టు తృప్తిగా నవ్వాడు. చదువుకున్నవాళ్లు కొంప ముంచినా కారణం చక్కగా చెబుతారని తమ్ముడితో అన్నాడు. తమ్ముడు గుడ్డని మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

ఒళ్లు మండినా ఆమె తల ఎత్తలేదు. వేళ మార్చడానికి యాంటీవైరస్ లోపలి పేజీలు తెరిచింది. అక్కడ, వేళ మార్చే చోటికి కిందే, ఇంకొకటి కనపడింది. ఫలానా చోట వెతకొద్దు, ఫలానాదాన్ని ముట్టుకోవద్దు అని యాంటీవైరస్‌కి మనం చెప్పుకునే వీలు అది. తను ఎప్పుడూ దాని జోలికి పోలేదు. కానీ అందులో ఒక ప్రోగ్రాం ఉంది. ప్రింటర్ తాలూకు పేరు.

కొట్టులో ప్రింటర్ పాడై అటకెక్కి చాలా కాలమైంది.

వెనక్కి వెళ్లి, నడుస్తున్నవాటిలో చూసింది. ఉంది. నిన్న బావగారి కంటికీ, ఇప్పటిదాకా తన కంటికీ, యాంటీవైరస్ పేర్ల గుంపులో కలిసిపోయి, మర్యాదస్తుడిలా ఒక మూల నడుస్తూనే ఉంది.

"ఇది నేను పెట్టింది కాదు," అంది మెల్లగా.

బావగారు మొదటిసారి గదిలోకి వచ్చాడు. ఆమె భుజం పక్కనుంచి వంగి చూశాడు. ఆమె యాంటీవైరస్‌కి ఎవరో ఇచ్చిన ఆ మినహాయింపుని తీసేసింది. ఊపిరి తీసి వదిలేంతలో తెర మూల నుంచి ఎర్రటి హెచ్చరిక లేచింది. ఈ కీబోర్డు మీద ఎవరు ఏ అక్షరం నొక్కినా రాసుకుని, బయటికి పంపించే ప్రోగ్రాం ఇది అని. తీసేయాలా, ఉంచాలా అని.



 నిఘా ఉందన్నాడు సర్వజ్ఞుడు. ఉంది. కారణం తప్పు చెప్పాడు, మనిషిని తప్పు పట్టాడు, చూపించిన ప్రతి పేరూ తప్పు చూపించాడు. అయినా అసలు మాట ఆయనదే నిజమైంది. ఇన్నాళ్లూ వెర్రివాడని తీసిపారేసిన మనిషి తన కంటే ముందు వాసన పట్టాడు. ఆ నిజం మింగడం ఆమెకి ఆయన నవ్వు కంటే కష్టంగా ఉంది.

"ఇప్పుడేమంటుందిరా మీ ఆవిడ?" అన్నాడు ఆయన.

"నాతోనే అనండి బావగారూ. నాకు చెవులున్నాయి," అంది ఆమె తిరక్కుండానే. "నేను పెట్టినదాన్నే అయితే మీ ఎదురుగా ఎందుకు బయటపెట్టుకుంటాను?"

ఆయన ఏదో అనబోయాడు. స్టూలు మీంచి అత్తగారు అడ్డం వచ్చింది. గొంతు పెంచలేదు.

"ఆ అమ్మాయిని వదిలెయ్‌రా. దాన్ని పెట్టించింది నేను."

బావగారు తల్లిని చూశాడు, కంప్యూటర్‌ని చూశాడు, ఆ రెంటికీ సంబంధం కలపలేక మళ్లీ తల్లిని చూశాడు.

ప్రింటర్ బాగుచేయడానికి వచ్చినవాడి చేత పెట్టించిందట. ప్రింటర్ బాగుపడలేదు గానీ తన పని అయిందట. నొక్కిన అక్షరాలన్నీ రోజూ తన ఫోనుకే వస్తాయట. అత్తగారు ఆ ఫోనుని ఒళ్లో బోర్లా పెట్టింది. ఎన్ని మధ్యాహ్నాలు ఈవిడ పేకాడుతోందని తాము నవ్వుకున్నారో చిన్నకోడలికి గుర్తొచ్చింది.

"అమ్మా, నువ్వు మా మీద నిఘా పెట్టావా," అన్నాడు పెద్దకొడుకు. పెద్దరికం ఎటు పోయిందో, గొంతు పిల్లాడిలా వచ్చింది.

 అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసి రిటైరైన మనిషి. ఒకరి మాట ఇంకొకరికి కలపడమే ఉద్యోగం.

"ఉద్యోగం చేసినన్నాళ్లూ చెవికి తీగ తగిలించుకునే కూర్చున్నానురా. ఊరందరి మాటలూ నా చేతి మీదుగా పోయేవి. ఒక్కటి వినలేదు. వినే వీలుండీ వినలేదు. రిటైరై ఇంటికొచ్చాక, కడుపున పుట్టినవాళ్ల మాటలు దొంగచాటుగా వినాల్సి వచ్చింది. నేను గదిలోకి వస్తే మీరు నోళ్లు మూసుకుంటారు. దీని ముందు కూర్చుని తెరుస్తారు. నేనేం చెయ్యను?"

"ఏం చదివావు?"

"కొట్టు అమ్మకానికి పెట్టావని చదివాను. కొత్తగా వచ్చేవాళ్లు బోర్డు మారుస్తామంటే, ఏ రంగైతే బాగుంటుందో నువ్వే సలహా ఇచ్చావని చదివాను. మొన్న భోజనాల దగ్గర అడిగాను కదా, బోర్డుకి ఏ రంగు వేస్తున్నావురా అని. ముద్ద గొంతులో పడి దగ్గావు. ఆ దగ్గుకి కారణం నీ మరదలని ఊరంతా చాటావు."

చిన్నకోడలు కుర్చీలో వెనక్కి వాలింది. వేరే కొట్టు పెట్టుకుంటోందని తన మీద దుమ్మెత్తిపోసిన మనిషి, ఉన్న కొట్టుని బేరం పెట్టాడు. ఆయన ఇప్పుడు రోజులు మారాయని, పెద్ద కంపెనీల ముందు ఇలాంటి కొట్లు నిలబడవని, అందరి మంచి కోసమే చూశానని గడగడా చెప్పుకుపోతున్నాడు. తన పేరు మీద లేని కొట్టు గురించి. ఇంతమంది మంచి ఒక్కడే మోసే మనిషిని చూస్తే ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది.

ఎందుకంటే తనూ ఈ కీబోర్డు మీదే రాసుకుంది. అక్కకి రాసుకున్న మెయిళ్లు. ఈ ఇంటి మనుషుల గురించి, ఒక్కొక్కళ్ల గురించి.

"నావీ చదివారా అత్తయ్యా?"

"చదివాను. బాతులా నడుస్తానని రాశావు," అంది అత్తగారు. "రాస్తే రాశావులే. నడక అలాగే ఉంది."

చిన్నకోడలి మొహం భగ్గుమంది. సిగ్గో, కోపమో ఆమెకే తెలియలేదు. ఈవిడ మీద జాలి పడాలా, ఛీ అనాలా అన్నదీ తెలియలేదు. కొడుకుల మాట కోసం కాచి, కోడలి మనసులో చెయ్యి పెట్టి కెలికింది. అయినా ఈ ఇంట్లో చేసిన పని ఒప్పుకున్నది తను కాక ఈవిడొక్కతే.

"పెద్దవాడి సంగతి విన్నావు, నీ సంగతీ విన్నావు," అంది అత్తగారు. ఫోనుని ఒళ్లో ఇటు తిప్పి అటు తిప్పింది. "నీ మొగుడు రాసింది అడగవే?"

గుడ్డ మడతలు పెట్టడం ఆగిపోయింది.

ఆమె తిరిగి చూసింది. పొద్దుట్నుంచీ ఒక్క ముక్క మాట్లాడని మనిషి, నిన్న భార్యని దొంగ అంటే పలకని మనిషి, గబగబా కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు.

"తీసెయ్," అన్నాడు. "ముందు దాన్ని తీసెయ్. ఆ మీట నొక్కు."

అతని గొంతులో అంత తొందర ఆమె ఎప్పుడూ వినలేదు. తన పరువు పోతున్నప్పుడు రాని మాట, ఈ ప్రోగ్రాం కోసం వచ్చింది. 

"తీసేస్తే నేను చదివింది పోతుందనుకుంటున్నాడు పిచ్చివాడు," అంది అత్తగారు. ఎగతాళిగా మొదలెట్టిన మాట, చివరికొచ్చేసరికి బరువెక్కింది. "అమ్మాయ్, నేను చెప్పనా?"

మౌస్ మీద చిన్నకోడలి చెయ్యి ఉంది. తెర మీద ఎర్రటి హెచ్చరిక జవాబు కోసం అలాగే నిలబడి ఉంది. అడిగితే అత్తగారు చెబుతుంది. ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెబుతుంది. కానీ తన కాపురం సంగతి పేకాట ఫోనులోంచి వినాల్సిన గతి తనకి పట్టిందని ఒప్పుకోవడం ఆమె వల్ల కాలేదు.

"మీరు చెప్పొద్దు అత్తయ్యా," అంది.

తీసెయ్యమని నొక్కింది. హెచ్చరిక మాయమైంది. నడుస్తున్నవాటిలోంచి ప్రింటర్ పేరు పోయింది. మొగుడు గుండెల నిండా గాలి పీల్చుకుని, మిషన్ వైపు తిరగబోయాడు, ఇక పని చూసుకుందాం అన్నట్టు.

"ఆగు," అంది ఆమె.

నలుగురిలో ఆమె అతన్ని ఎప్పుడూ మీరు అనే పిలిచింది. అత్తగారు తల ఎత్తింది. అతనూ ఆగాడు.

"ఇక్కడ వినే యంత్రాలు ఇక ఏమీ లేవు. ఉన్నది మనుషులమే. ఏం రాశావో, ఎవరికి రాశావో నువ్వే చెప్పు. ఇప్పుడే చెప్పు."

అతను పెదాలు తడుపుకున్నాడు. నోరు తెరిచాడు. కానీ చూసింది ఆమె వైపు కాదు, తల్లి వైపూ కాదు.

అన్న వైపు చూశాడు.

తలుపు దగ్గరికి తిరిగి చేరిన బావగారు, కనపడీ కనపడనట్టు, వద్దని తల అడ్డంగా ఊపాడు. కొట్టు బేరంలో ఉన్నది ఒక్కడు కాదు, ఇద్దరని ఆమెకి అప్పుడర్థమైంది.